ఉట్టికాయ తీగ

గత నెలలో విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని మా ఇంటికి వచ్చింది. ముందుగా ఫోను చేసి, నేను చెప్పిన వేళకు ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చింది కాబట్టి ఆ అమ్మాయి మీద నాకు గుమ్మంలోనే మంచి అభిప్రాయం కలిగింది. కూర్చోగానే సంచిలోంచి ఒక పాత టైపు కాగితం నకలు తీసి బల్ల మీద పెట్టింది. పాతపట్నం చుట్టుపక్కల కొండల్లో దొరికే మందు మొక్కల జాబితా అది. మొక్కల స్థానిక నామాలు వరసగా ఉన్నాయి. అడుగున సేకరించిన వ్యక్తి అని నా పేరుంది. ఏదో పాత ఆఫీసు ఫైళ్ళ కట్టలో ఆమెకు దొరికిందట. "తాతగారూ, ఈ పేర్లు పట్టుకుని రెండేళ్ళుగా ఆ ఊళ్ళన్నీ తిరుగుతున్నాను. చాలావరకు దొరికాయి గానీ కొన్ని మాత్రం ఎవరికీ తెలియవు. ఉట్టికాయ తీగ అంటే నా ముఖం చూస్తున్నారు. కొంగపువ్వు మొక్క అంటే నవ్వుతున్నారు. పోయినవి పేర్లా, మొక్కలా?" అని అడిగింది.

నాకు నవ్వు ఆగలేదు. పాపం ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. ఆమెను వెక్కిరిస్తున్నాననుకుందేమో. కాఫీ తెప్పించి, బీరువాలోంచి ఆనాటి డైరీ తీసుకువచ్చి, ఆ పేర్లు మా మేనత్త ఇంటి గడప దాటి ఏ ఊళ్ళోనూ ఏనాడూ లేవని, వాటి కోసం ఇంకో పదేళ్ళు తిరిగినా దొరకవని చెప్పాను. అవి జాబితాలోకి ఎలా వచ్చాయో చెప్పడానికి ఆ పూటంతా పట్టింది. ఆమె వెళ్ళిపోయాక, ఇదంతా ఒక క్రమంలో రాసిపెడితే ఇంకొకరికి కాళ్ళరుగుడు తప్పుతుంది కదా అనిపించింది.

ఎస్సెల్సీ పరీక్ష రాసిన ఏడాది నుంచి నేను ఒక్కరోజు తప్పకుండా డైరీ రాస్తున్నాను. వాన పడిందా, ఏ బస్సు ఎంత ఆలస్యమైంది, ఏ కూర తిన్నాం, ఎవరొచ్చి వెళ్ళారు, ఈ నాలుగూ ప్రతి పేజీలో ఉంటాయి. విజయనగరంలో వృక్షశాస్త్రం ప్రధానంగా బియ్యస్సీ పూర్తిచేసి, కోటబొమ్మాళిలో మా ఇంట్లో ఏడాది పాటు ఖాళీగా ఉన్నప్పుడు కూడా రాశాను. ఆ ఏడాది పేజీల్లో కూరల పేర్లు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఆ తరువాత మందు మొక్కల సర్వేలో నాకు ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం దొరికింది. కొండల్లో మకాం పెట్టి, మొక్కలు కోసి, కాగితాల మధ్య ఆరబెట్టి, వాటి స్థానిక నామాలు రాసి విజయనగరంలోని ఆఫీసుకు పంపాలి. మకాం మాట రాగానే మా నాన్న ఆలోచించనైనా లేదు. "మీ అత్త ఉండగా ఇంకెక్కడికెల్తావురా" అని ట్రంకుపెట్టె సర్దించేశాడు.

మా మేనత్త ఇల్లు పాతపట్నానికి రెండు మైళ్ళ దూరంలో, కొండ కింద పల్లెలో ఉండేది. వరి, చోళ్ళనే రాగులు, ఉలవలు పండించే రైతు కుటుంబం. వీధి అరుగు మీద ఒక వెడల్పాటి చెక్కబల్ల, దాని మీద మా అత్త మామగారు నాగయ్య తాత. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ, వీధిలో పోయే ప్రతి మనిషినీ ఎక్కడికి, ఎందుకు అని ఆరా తీస్తూ ఉండేవాడు. లోపల వసారాలో మావయ్య ఈశ్వర్రావు నాగళ్ళు, పలుపుతాళ్ళు, ఎప్పుడూ ఏదో ఒకటి బాగుచేసుకుంటూ ఉండేవాడు. మావయ్యకు మనుషులను ఆట పట్టించనిదే అన్నం సయించదు. ఇక అత్త ఉండని చోటు లేదు. ఆమె నడిచి వెళ్ళిన దారిలో ఆముదం, పసుపు, నలిపిన వావిలాకు కలిసిన వాసన కాసేపు నిలిచి ఉండేది. పొద్దున్నే చోడి అంబలి కాచి, అందులోకి ఉల్లిపాయ నంజుకోవడానికి ఇచ్చి, అప్పుడు పెరట్లోకి వచ్చేది. అప్పటికే అక్కడ ఇద్దరో ముగ్గురో తల్లులు పిల్లలను చంకనేసుకుని నిలబడి ఉండేవారు. ఒకరికి గజ్జి, ఒకరికి తామర, ఒకరికి తేలు కుట్టిన వాపు. అత్త ఎవరినీ మొదట రోగం గురించి అడిగేది కాదు. రాత్రి ఏం తిన్నారని అడిగేది. ఆ అలవాటు నాకు చాలా నచ్చి, నా డైరీలో నాలుగు అంశాల్లో కూర ఒకటని ఆమెకు చెప్పాను. "మంచిదే. మనిసి గుట్టంతా అక్కడే ఉన్నాది" అంది.

మొక్కలు నొక్కిపెట్టడానికి ఆఫీసువారు రెండు చెక్కలు, బెల్టులు ఇచ్చారు గానీ ఆ బరువు చాలేది కాదు. చివరికి పాత దినపత్రికల మధ్య మొక్కలు పరిచి, ఆ కట్టను తాత బల్ల మీద చాప కింద దూర్చేవాణ్ణి. తాత పగలల్లా దాని మీదే పడుకునేవాడు. అంత చదునుగా ఆరిన నమూనాలు మా సర్వేలో ఇంకెవరూ పంపలేదని ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. అది చదివి వినిపిస్తే తాత, "మరి నా పేరు రాసినావేటిరా అందులో? ఒల్లు నాది, మెప్పు నీదీనా?" అన్నాడు.

ఉదయం పని తెమలగానే అత్తా నేనూ కొండ ఎక్కేవాళ్ళం. చేతిలో ఒక వెదురు పుల్ల, చిన్న గంప, అంతే ఆమె సరంజామా. ఏ మొక్క దగ్గరైనా కూర్చుంటే, ముందు దాని చుట్టూ ఉన్న పిల్లమొక్కలను కళ్ళతోనే లెక్క చూసుకునేది. ఒక్కటే ఉంటే ముట్టుకునేది కాదు. వేరు కావలసి వస్తే వెదురు పుల్లతో ఒక పక్క మట్టి మాత్రమే తప్పించి, పక్కవేరు ఒకటి తుంచి, మట్టి మళ్ళీ కప్పి, అరచేత్తో తట్టేది. నేను వెనక నిలబడి ఆకుల ఆకారం, పూల రంగు రాసుకునేవాణ్ణి. ఆ వెదురు పుల్ల గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. అది కూడా రాయవలసిన విషయమని నాకు తోచలేదు.

పేరు అడిగినప్పుడు మాత్రం అత్త కొన్ని మొక్కల దగ్గర ఒక్క క్షణం ఆగేది. మొక్క వంక చూసేది, తల పక్కకు వంచేది, అప్పుడు చెప్పేది. "అది కొంగపువ్వురా సత్తెం. సూడు, రెక్కలిప్పుకున్న కొంగలా నేదేటి?" నిజంగానే ఆ తెల్లటి పువ్వు ఎగరబోతున్న కొంగలాగే ఉండేది. దాని ఆకు నిమ్మరసంతో నూరి తామరకు పట్టించేది. ఇంకో తీగను ఉట్టికాయ తీగ అంది. దాని వేరు అరగదీసి తేలు కుట్టినచోట పట్టు వేసేది. వాళ్ళ దొడ్డి కంచెకున్న నాగజెముడును ముళ్ళట్టు అంది. అట్టులా గుండ్రంగా ఉండి, నిండా ముళ్ళు మరి. అది నాకు తెలిసిన మొక్కే కాబట్టి డైరీలో ఎంతో సంతోషంగా ఇలా రాసుకున్నాను: "పాతపట్నం ప్రాంతంలో నాగజెముడుకు ముళ్ళట్టు అని పేరు. ఇది ఇంతవరకు ఎవరూ నమోదు చేసి ఉండరు." మా ప్రాంతమంతా టమాటాను రామములగ అంటారు. అత్త మాత్రం ఎర్రకాయ అనేది. అది కూడా రాసుకున్నాను. మరో పేజీలో ఇంకో వాక్యం ఉంది. మొన్న ఆ అమ్మాయికి అదే చదివి వినిపించాను. "అత్త ప్రతి పేరూ తొందరపడక, ఆలోచించి చెబుతుంది. కనుక పూర్తిగా నమ్మదగినది. పదిమందిని అడిగితే పది పేర్లు వచ్చి గందరగోళమవుతుంది. ఒక్కరినే అడగడం మంచి పద్ధతి." నా పద్ధతుల మీద నాకు అంత గురి ఉండేది.

ఆ ఏడు వానలు తగ్గగానే కొండల మీదికి వేర్ల కోసం గునపాలు పట్టుకుని జనం రావడం మొదలైంది. బయటి ఊళ్ళ కంట్రాక్టరు మనుషులు వాళ్ళు. అత్త ఎప్పుడూ వేళ్ళు తెచ్చుకునే ఎర్రమెట్ట అనే వాలు మీదికి కూడా వచ్చారు. ఒక ఉదయం మేము వెళ్ళేసరికి వాలు పై అంచున గోతులు కనిపించాయి. అత్త ఒక గోతి పక్కన కూర్చుని లోపలికి చూసింది. ఉట్టికాయ తీగ వేరు ముక్క కూడా మిగల్లేదు. "పీకీసినారురా. మొదలంటా పీకీసినారు. ఇలగే పోతే వచ్చే ఏటికి ఈ మెట్ట మీద ఈ తీగుండదు. కిందనున్న పల్లెలన్నీ దీనికోసం నాకాడికే వస్తాయి. నానేటి సెప్పాల?" అంది. ఆమె గొంతులో దిగులు నేను వినడం అదే మొదటిసారి.

అదృష్టమో ఏమో, ఆ వారంలోనే మా ఆఫీసరుగారి నుంచి ఉత్తరం వచ్చింది. అటవీ రేంజి అధికారి ఒక సాయం చేయడానికి ఒప్పుకున్నాడని, ఏ మొక్కలు తరిగిపోతున్నాయో చెబితే వాటి వేర్లను అటవీ తనిఖీ గేటు దాటనివ్వకుండా ఆపిస్తాడని, గార్డులకు లాటిన్ పేర్లు తెలియవు కాబట్టి స్థానిక నామాలతో వెంటనే జాబితా పంపమని రాశారు. ఆ రోజే కూర్చుని రాశాను. మొట్టమొదటి పేరు ఉట్టికాయ తీగ. దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. పోస్టు చేసి వచ్చి అత్తతో, ఇక ఎర్రమెట్ట మీద ఎవరు తవ్వినా గేటు దగ్గర పట్టేస్తారు అని చెప్పాను. ఆ సాయంత్రం బూరెలు వండింది. డైరీలో ఆ రోజు కూర గడి ఖాళీగా ఉంది. బూరెలు అని మాత్రం రెండుసార్లు రాసి ఉంది.

మూడు వారాల తరువాత పాతపట్నం సంతలో కందులు కొనడానికి వెళ్ళాను. చింతచెట్టు నీడలో ఒక నడివయసు మనిషి గోనె పరచుకుని, సన్నటి వేళ్ళ కట్టలు పేర్చుకుని ఉన్నాడు. ఒక కట్ట తీసి వాసన చూశాను. కర్పూరంలా ఘాటుగా ఉంది. ఏమిటిది అని అడిగాను.

"ఈస్వరి వేరు బాబూ. తేలుకి, జెర్రికి మంచిది."

ఈశ్వరి. చేతిసంచిలోంచి నోటుపుస్తకం తీసి నా పేర్లన్నీ వరసగా చూశాను. నా జాబితాలో లేదు. సంతోషంగా కొత్త పేజీ తిప్పాను. కొత్త మొక్క దొరికిందనుకున్నాను. అతను తట్ట, గునపం సర్దుకునేదాకా కూర్చుని, మా ఊరు చెప్పి, అది ఎక్కడ దొరుకుతుందో చూపించమని బతిమాలాను. "మీ ఊరి మీదగానే ఎల్లాల. రండి" అన్నాడు. దారి పొడుగునా ఆ మొక్క ఆకు ఎలా ఉంటుంది, ఎత్తు ఎంత అని అడుగుతూ నడిచాను. మా పల్లె దాటాం. కొండ ఎక్కాం. అతను ఆగి గునపం దించిన చోటు ఎర్రమెట్ట. అతను వేలుపెట్టి చూపించిన తీగ, నేను అప్పటికి నాలుగు నమూనాలు ఆరబెట్టి పంపిన ఉట్టికాయ తీగ.

"ఇది ఉట్టికాయ తీగ కదా?" అన్నాను.

అతను నన్ను జాలిగా చూశాడు. "ఉట్టికాయేటి బాబూ? మా తాత కాడ్నుంచీ ఈస్వరే. ఎవుల్నైనా అడుగు."

"గేటు దగ్గర ఆపడం లేదా?"

"ఎందుకాపుతారు? ఈస్వరిని ఆపమని ఆల్లకెవులూ సెప్పనేదు కదా. నిన్నే ఒక బండి ఎల్లిపోనాది."

వాలు మీద సగం దాకా గోతులే. నేను పరుగున ఇంటికి దిగాను. మావయ్య పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. అత్త వంటింటి గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. సంచి భుజాన ఉండగానే అడిగాను. "మావా, ఎర్రమెట్ట మీద, తేలు కుడితే వేరు అరగదీసి రాస్తారు చూడు, ఆ తీగ పేరేమిటి?"

"అది తెల్దేటి నీకు? ఈస్వరి. నా పేరేనొరే" అని మావయ్య చెంబు పక్కన పెట్టాడు. "ఎందుకలగ సూస్తావు? మీ అత్తని అడిగీసినావేటి?"

అత్త చేట ఆపేసి గోడవైపు తిరిగింది. అప్పుడు నాకు ఒక్కసారిగా అన్నీ వరసన కనబడ్డాయి. మొగుడు ఈశ్వర్రావు, మామగారు నాగయ్య, కొత్తవలస రైల్వేలో పనిచేసే బావగారు రామ్మూర్తి. ఆ ఇంట్లో కోడలి నోట ఈశ్వరి రాదు, నాగ అన్న మాటతో మొదలయ్యే ఏ మొక్కా రాదు, చివరికి రామములగ కూడా రాదు. మా అమ్మ కూడా మా నాన్న పేరు పలికేది కాదు. ఆయన పేరు జగన్నాథం. ఆ పేరుతో మొక్క ఏదీ లేదు కాబట్టి ఈ ఇబ్బంది మా ఇంట్లో నాకెప్పుడూ ఎదురుకాలేదు. పేరు అడిగిన ప్రతిసారీ అత్త ఆగింది జ్ఞాపకం చేసుకోవడానికి కాదు, కొత్త పేరు కట్టడానికి.

"మరి నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా అత్తా, పేరు ఇది కాదని?"

"మొగుడి పేరు, మావగారి పేరు నోటెట్టుకుని అనమంతావేటిరా? నీకు తెల్దనుకున్నానేటి? బియ్యస్సీ సదివినోడివి. నాను ఆనవాలు సెప్తే నువ్వు పేరు ఏసుకుంతావనుకున్నాను." అంతలో ఆమెకు అసలు సంగతి తట్టింది. చేట కింద పెట్టేసింది. "అయితే ఆ కాయితంలో..."

"ఉట్టికాయ తీగ అనే రాశాను."

"మరి గార్డుకేటి తెలుస్తాది?"

మావయ్య కూడా నవ్వలేదు. "నా నోటితో నానే మెట్టని తవ్వించీసినాను" అంది అత్త నెమ్మదిగా.

మర్నాడు తెల్లవారగానే గేటుకు పరుగెత్తాను. గార్డు నా జాబితా నకలును గోడకు మేకుతో కొట్టి ఉంచాడు. చాలా బాధ్యతగల మనిషి. "ఉట్టికాయ తీగా? ప్రతి బండిలోనూ మూటలు ఇప్పించి సూస్తన్నాను బాబూ. ఇప్పటిదాకా అలాటి వేరు ఒక్కటీ రానేదు. వస్తే మట్టుకు వదల్ను" అన్నాడు. అతని వెనకాలే ఈశ్వరి వేర్ల బస్తాలు నాలుగు బండి ఎక్కడానికి ఎదురుచూస్తున్నాయి. అవి నా ఉట్టికాయ తీగలేనని ఎంత చెప్పినా వినలేదు. పై నుంచి కాగితం రావాలన్నాడు. అతని స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

అక్కడి నుంచే మా ఆఫీసరుగారికి జరిగినదంతా దాచకుండా ఉత్తరం రాశాను. ఉద్యోగం పోతుందని నాకు అనుమానమే లేదు. దిగులు ఆ మిగిలిన సగం వాలు గురించి. నాలుగో రోజు మధ్యాహ్నం బస్సులో ఆయనే దిగారు. ఆయనది గుంటూరు వైపు. తెల్ల పంచె, కాన్వాసు బూట్లు, మెడలో భూతద్దం. వస్తూనే, "ముందు పేర్లన్నీ సరిచేద్దాం. మీ అత్తగారిని పిలవవయ్యా" అన్నారు.

అత్త వాకిలి తలుపు వెనక నిలబడింది. నేను ఒక్కొక్క నమూనా పైకెత్తి చూపిస్తున్నాను. ఆమె నోరు విప్పదు. పలకకూడని పేరైతే తలుపు మీద గాజులు ఒకసారి తడుతుంది. అప్పుడు మావయ్యో తాతో అసలు పేరు చెప్పాలి. ఇది మావయ్య కనిపెట్టిన ఏర్పాటు. కొంగపువ్వు దగ్గర గాజులు మోగాయి.

"నాగమల్లి" అన్నాడు తాత. దొండతీగ లాంటి దానికి మళ్ళీ మోగాయి. "నాగదొండ. ఒరే సత్తెం, ఈ కొండ మీద నా ఆస్తి ఇంతున్నాదని నాకే తెల్దురా." తరువాత ముళ్ళట్టు దగ్గర మోగేసరికి తాత చుట్ట నోట్లోంచి తీసేశాడు. "ఏటే కోడలా, నన్ను ముళ్ళట్టు సేసీసినావేటి?"

తలుపు వెనక నుంచి పైట నోట్లో కుక్కుకున్న నవ్వు వినిపించింది. ఆఫీసరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కానీ ఆయన చేతిలో పెన్సిలు ఆగలేదు. పాత పేరు కొట్టివేయలేదు, పక్కనే కొత్తది రాస్తున్నారు. ఎందుకని అడిగితే, ముందు ఎర్రమెట్ట చూడనివ్వు అన్నారు.

సాయంకాలం నలుగురం ఎక్కాం. గోతులు దాటి, ఇంకా తవ్వని దిగువ భాగంలో ఒక పొద దగ్గర అత్త ఆగింది. తీగకు ఆ ఏటి కాయలు పచ్చగా వేలాడుతున్నాయి. వాటి మధ్య నిరుటి ఎండుకాయ ఒకటి మిగిలిపోయి ఉంది. అది అడుగు నుంచి ఆరు పాయలుగా విచ్చుకుని, సన్నటి నారలతో వేలాడుతోంది. వంటింట్లో పెరుగుకుండ పెట్టుకునే ఉట్టిని ఎవరో గోరంత చేసి వేలాడదీసినట్టు ఉంది. ఆఫీసరుగారు భూతద్దం పెట్టి చూసి, "అమ్మా, ఇందుకేనా ఆ పేరు పెట్టారు?" అన్నారు.

"అందుకే బాబూ. కాయ ఉట్టిలా ఇచ్చుకుని గింజ రాల్నాకే వేరు ముట్టుకోవాల. మా అమ్మ అలగే సెప్పింది. పచ్చికాయ ఉన్నప్పుడు పీకితే తల్లీ పోతాది, పిల్లా పోతాది. ఈల్లు ఇప్పుడే పీకతన్నారు, నేల మెత్తగున్నాదని." వెదురు పుల్లతో పక్కవేరు ఎలా తీస్తారో, ఒక్కో తీగ నుంచి ఎంత తీస్తారో, తీసిన తీగ జోలికి మళ్ళీ రెండేళ్ళు ఎందుకు వెళ్ళరో కూడా చెప్పింది. ఆఫీసరుగారు ఒక రాతి మీద కూర్చుని, ప్రతి మాటా రెండుసార్లు అడిగి రాసుకున్నారు. తరువాత నావైపు తిరిగి, "ఎప్పుడు తీయాలి, ఏ భాగం, ఎంత, మళ్ళీ మొలవడానికి ఎన్నాళ్ళు, ఇదంతా నీ కాగితాల్లో ఏదయ్యా? ఈ తీగను కాపాడాలంటే మనకు కావలసింది ఇదే కదా" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా మరచిపోయేవాణ్ణేమో.

పై నుంచి కాగితం వారంలో వచ్చింది. గేటు దగ్గర గార్డు ఈశ్వరి వేరు బస్తాలు ఆపించాడు. ఎర్రమెట్ట మీద పై సగం పోయింది, కింది సగం నిలిచింది. మాఘమాసంలో కాయలు విచ్చుకున్నాక అత్త గింజలు కొంగున కట్టుకుని వెళ్ళి పై గోతుల్లో చల్లి వచ్చింది. నా ఉద్యోగం ఆరు నెలలకు బదులు మూడేళ్ళు సాగింది. సరిచేసిన జాబితా అటవీ శాఖకు వెళ్ళింది. మొదటి తప్పుల జాబితా మాత్రం ఏదో ఫైలులో పడుండి, ఇన్నేళ్ళ తరువాత పాపం ఈ అమ్మాయిని ఊళ్ళు తిప్పింది.

ఆమె పని చూస్తే నాకు ముచ్చటేసింది. ఫోనులో చెప్పేవారి మాట, చేసేవారి చేయి రెండూ నమోదవుతాయి. మొక్క ఏ చోట ఉందో అదే గుర్తు పెట్టుకుంటుంది. చెప్పినవారి అనుమతి లేకుండా వారి మందు బయటపెట్టనని ముందే కాగితం రాసి ఇస్తుందట. మా రోజుల్లో ఆ ఆలోచనే లేదు. పల్లె పల్లెకూ మా అత్తలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉండేవారు. అడగడానికి వెళ్ళిన నాకు ఏమడగాలో తెలియదు. ఈ అమ్మాయికి అడగవలసినవన్నీ తెలుసు, చెప్పేవాళ్ళ కోసమే వెతుక్కుంటోంది. ఈశ్వరి వేరు లోపలికి తీసుకుంటే మూత్రపిండాలకు హాని అని ఇప్పుడు తేలిందని కూడా ఆమే చెప్పింది. అత్త దాన్ని పైపూతకే వాడేది, బాలింతలకు లోపలికి ఇమ్మని ఎవరైనా అడిగితే కసిరేది. ఎందుకని నేను అడగలేదు. ఆమెకు తెలిసే చేసిందో, మా నాయనమ్మ అలా చెప్పిందో ఇక తెలిసే దారి లేదు. పనిచేసేది ఏది, హాని చేసేది ఏది అని పరీక్షించి చూడవలసిన మొక్కలు ఇంకా వందలున్నాయంది ఆ అమ్మాయి. వాటిని పరీక్షించేదాకా ఉంచుకోవాలి కదా. వెళ్ళేముందు ఫోనులో ఒక ఫొటో చూపించింది. ఎర్రమెట్ట. పొద మీద తీగ, తీగ మీద నల్ల రెక్కలు, ఎర్ర ఒళ్ళు ఉన్న సీతాకోకచిలుక. ఆ తీగ ఆకు తప్ప దాని గొంగళిపురుగు పెద్దగా ఇంకేమీ ముట్టదట. తీగలు ఎన్ని ఉన్నాయని అడిగాను. పై వాలులో కూడా ఉన్నాయంది.

ఆ సాయంకాలం గురించి ఇంకొక్క సంగతి రాయాలి. వాలు దిగబోయేముందు ఆఫీసరుగారు నా నమూనా కాగితం ఒకటి తీసి, చెప్పినవారు అనే చోట ఆగారు. అక్కడ నేను "అత్త" అని రాశాను. అన్ని కాగితాల మీదా, డైరీ నిండా అలాగే ఉంది. "అత్త అంటే ఎవరయ్యా? రేపు ఇది చదివేవాడికి నీ అత్త ఎలా తెలుస్తుంది? పేరు రాయి" అన్నారు. నేను పెన్సిలు తీశాను. మా నాన్న ఆమెను సెల్లి అంటాడు. తాత కోడలా అంటాడు. ఊరివాళ్ళకు ఆమె మందులమ్మ. ఆమె పేరు నాకు తెలియదు. ఆఫీసరుగారు మావయ్య వైపు తిరిగారు. "మీ ఆవిడ పేరేమిటండీ?"

మధ్యాహ్నం నుంచి అందరికంటే ఎక్కువగా నవ్విన మావయ్య తల గోక్కున్నాడు. "మా ఇంటిదండి."

"అది కాదండీ, పేరు."

"అదే బాబూ..." మావయ్య కొండవైపు చూశాడు, బూట్ల వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎప్పుడూ ఒసే అనడమే గానండి..."

అత్త చేతికంటిన మట్టి దులుపుకుంది. పైట సర్దుకుని, ఆఫీసరుగారి పెన్సిలు వంక చూస్తూ, "సూరీడమ్మ అని రాయండి బాబూ" అంది. ఆయన మళ్ళీ చెప్పించుకుని, అక్షరం అక్షరం విడివిడిగా రాశారు. తక్కిన కాగితాల మీద నేను ఆ పేరే రాసుకుంటూ వచ్చాను.

దిగేటప్పుడు ఆఫీసరుగారు ముందు నడిచారు. ఆయన వెనక మావయ్య, మధ్యలో నేను, నా వెనక గంపతో అత్త. మలుపు తిరిగే చోట మావయ్య తనలో తాను, నోట్లో కొత్త రుచి ఏదో చూస్తున్నట్టుగా, సూరీడమ్మ, సూరీడమ్మ అని రెండుసార్లు అనుకోవడం నాకు వినిపించింది.

వెనక నుంచి అత్త, "ఏటి?" అంది.

"ఏటీ నేదు. అక్కడ రాయున్నాది, సూసుకుని దిగు" అన్నాడు మావయ్య.